బొడ్డుతాడు రక్తం, బిడ్డ కొలత: బరంపురం–పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్: ఏం అడుగుతున్నాం, ఏ ప్రొటీన్లను

2,450 గ్రాములతో పుట్టిన బిడ్డ రిజిస్టరులో "తక్కువ బరువు" కిందికి వెళ్తుంది. గీత 2,500 దగ్గర ఉంది కాబట్టి. అయితే అదే బరువున్న ఇద్దరు బిడ్డలను పక్కపక్కన పడుకోబెడితే తేడా కంటికే తెలుస్తుంది. ఒకరి పొడవు 47 సెంటీమీటర్లు, ఇంకొకరిది 49.5 అనుకుందాం. బరువును 100తో గుణించి పొడవు ఘనంతో భాగిస్తే పాండరల్ ఇండెక్స్ వస్తుంది. మొదటి బిడ్డకు అది 2.36, రెండో బిడ్డకు 2.02. మొదటి బిడ్డ పొట్టి, కానీ ఒళ్ళు పట్టి ఉంది. రెండో బిడ్డ ఎముక సాగింది, ఒంట్లో కండా కొవ్వూ లేవు. ఈ ఇద్దరినీ ఒకే గడిలో రాసేస్తే తల్లి కడుపులో ఏం జరిగిందో ఇక ఎప్పటికీ తెలియదు. బొడ్డుతాడు రక్తంలోని ప్రొటీన్లు ఆ తేడాను చెప్పగలవా, ఒడిశాలోని గంజాం (బరంపురం), గజపతి (పర్లాకిమిడి) జిల్లాల కాన్పుల్లో అది ఎంత గట్టిగా కనిపిస్తుంది అన్నదే ఈ ప్రాజెక్టు.

ప్రొటీన్ల జాబితాను పెంచుకుంటూ పోవడం తేలిక. ప్రతి దానికీ ఒక కిట్టు, ప్రతి కిట్టుకూ కొంత సీరం ఖర్చు. అందుకని ఆరింటి దగ్గర ఆగాం: ఐజీఎఫ్-1 (ఇన్సులిన్‌ను పోలిన ఎదుగుదల ప్రొటీన్), ఐజీఎఫ్‌బీపీ-1, ఐజీఎఫ్‌బీపీ-3, సీ-పెప్టైడ్, లెప్టిన్, అడిపోనెక్టిన్.

కడుపులో బిడ్డ ఎదుగుదలను నడిపేది ప్రధానంగా ఇన్సులిన్, ఐజీఎఫ్‌లే. పుట్టిన తర్వాత పని చేసే గ్రోత్ హార్మోన్‌కు అక్కడ పాత్ర తక్కువ. ఐజీఎఫ్-1 జన్యువులో కొంత భాగం లేని అబ్బాయి కేసు 1996లో వెలుగులోకి వచ్చింది. నెలలు నిండాకే పుట్టినా అతని బరువు 1.4 కిలోలు. ఈ ప్రొటీన్ లేకపోతే ఏమవుతుందో అంత స్పష్టంగా చూపిన కేసు మరొకటి అరుదు. ఐజీఎఫ్‌బీపీ-1 దీనికి పగ్గం లాంటిది. పోషకాలు, ఆక్సిజన్ తగ్గితే ఇది పెరిగి ఐజీఎఫ్-1ను కట్టేస్తుంది, కాబట్టి బరువుతో దీని సంబంధం వ్యతిరేక దిశలో ఉంటుంది. ఐజీఎఫ్‌బీపీ-3 రక్తంలో ఐజీఎఫ్‌లను మోసుకెళ్ళేది, ఐజీఎఫ్-1తో పాటు నడుస్తుంది.

లెప్టిన్ బిడ్డ కొవ్వు నుంచి వస్తుంది. మావి కూడా తయారుచేస్తుంది గానీ అందులో ఎక్కువ భాగం తల్లి రక్తంలోకే పోతుంది. ఆడపిల్లల్లో మగపిల్లల కంటే లెప్టిన్ ఎక్కువ, అందుకే లింగం లెక్కలోకి తీసుకోని లెప్టిన్ పట్టికను నమ్మకూడదు. అడిపోనెక్టిన్ కూడా కొవ్వు నుంచే వస్తుంది, కానీ పెద్దవాళ్ళలో లావు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. పుట్టిన బిడ్డల్లో ఆ తీరు కనిపించదు, పైగా మోతాదు పెద్దవాళ్ళకంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఎలైజా (యాంటీబాడీలతో ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) దగ్గర ఇదే పెద్ద చిక్కు తెస్తుంది, కింద రాశాం.

ఇన్సులిన్‌ను వదిలి, దానితో పాటే క్లోమం వదిలే సీ-పెప్టైడ్ ఎందుకంటే, బొడ్డుతాడు రక్తంలో ఎర్రకణాలు తరచూ చితుకుతాయి. వాటిలోంచి బయటపడే ఎంజైము ఇన్సులిన్‌ను తినేస్తుంది, సీ-పెప్టైడ్‌ను ముట్టుకోదు. 2008లో వెలువడిన హాపో అధ్యయనం, గర్భిణుల రక్తంలో చక్కెర మీద 9 దేశాల్లో 23 వేల పైచిలుకు తల్లులతో చేసినది, బిడ్డ ఇన్సులిన్‌కు కొలమానంగా సీ-పెప్టైడ్‌నే తీసుకుంది.

"సన్నగా కనిపించే కొవ్వు బిడ్డ" సంగతి కూడా మా ప్రశ్నలో ఉంది. పుణె చుట్టుపక్కల గ్రామాల బిడ్డలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలు 3.5 కిలోలు. అయినా పుణె బిడ్డల్లో వీపు మీది చర్మపు మడత (చర్మం కింది కొవ్వుకు కొలత) అంతగా తగ్గలేదు, తగ్గింది కండా పొట్టా. మన దగ్గర బరువు ఒక్కటే చూస్తే ఇది పట్టుబడదు. అందుకే కొలతల్లో చర్మపు మడతలు చేర్చాం.

ఎన్ని జతల నమూనాలు కావాలి? ప్రొటీన్‌కూ బరువుకూ సహసంబంధం 0.3 ఉంటే దాన్ని 80 శాతం అవకాశంతో పట్టుకోడానికి 85 చాలు. 0.2 అయితే 194 కావాలి. ఆరు ప్రొటీన్లను ఒకేసారి పరీక్షిస్తున్నాం కాబట్టి లేని సంబంధాన్ని ఉందనుకునే అవకాశానికి మామూలుగా పెట్టే 0.05ను ఆరుతో భాగించి 0.0083 దగ్గర గీత పెట్టుకోవాలి, అప్పుడు సంఖ్య ఇంకా పెరుగుతుంది. దానిపైన చితికిన నమూనాలు, గర్భకాలం తేలని కేసులు పోతాయని ముందే కలుపుకోవాలి.

మే: అనుమతి పత్రం, ప్రశ్నావళి

అనుమతి నొప్పుల గదిలో అడగకూడదు. నొప్పులు పడుతున్న మనిషి దేనికైనా "సరే" అంటుంది, అది అనుమతి కాదు. ఎనిమిదో నెల చెకప్‌కు వచ్చినప్పుడే, ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన పత్రం చదివి వినిపిస్తున్నాం. గజపతి కొండ గ్రామాల నుంచి వచ్చే సవర కుటుంబాలకు వాళ్ళ భాష వచ్చిన ఆశా కార్యకర్త పక్కన ఉంటేనే మాట్లాడుతున్నాం. కాన్పు రోజు "అప్పుడు ఒప్పుకున్నారు, ఇప్పుడూ సరేనా" అని ఇంకోసారి నోటిమాటగా అడగడం తప్పనిసరి.

రెండు భయాలు ప్రతిసారీ ఎదురవుతాయి. ఒకటి, "బిడ్డ రక్తం తీసేస్తే బిడ్డ నీరసించదా?" తీసేది బిడ్డ నుంచి కాదు, తాడు కోశాక మావి వైపు మిగిలిన రక్తం అని బొమ్మ గీసి చూపించాలి. రెండోది ప్రైవేటు స్టెమ్‌సెల్ బ్యాంకుల ప్రకటనల వల్ల వచ్చింది: "దాచిపెట్టి తర్వాత ఇస్తారా, డబ్బులెంత?" ఇక్కడ ఏదీ దాచి తిరిగి ఇవ్వడం లేదనీ, డబ్బు పుచ్చుకోవడం గానీ ఇవ్వడం గానీ లేదనీ పత్రం మొదటి పేరాలోనే రాయాలి. మావిని పాతిపెట్టుకోడానికి ఇంటికి తీసుకెళ్ళే కుటుంబాలున్నాయి. రక్తం తీశాక మావిని వాళ్ళకు ఇచ్చేయాలి. ఆ గడి కూడా పత్రంలో ఉంది.

ప్రశ్నావళిలో అన్నిటికంటే కష్టమైన గడి గర్భకాలం. బిడ్డ చిన్నదా, నెలలు నిండకముందే పుట్టిందా అన్నది ఇదే తేలుస్తుంది. 37, 38 వారాల మధ్య సగటు బరువు తేడా సుమారు 150–200 గ్రాములు. కాబట్టి వారం తప్పితే "చిన్న బిడ్డ" అన్న ముద్రే మారిపోతుంది. 14 వారాల లోపు తీసిన స్కాను ఉంటే, అది చివరి నెలసరి తేదీతో ఏడు రోజులకు మించి తేడాపడితే స్కానునే తీసుకుంటున్నాం. గంజాంలో చాలామంది మగవాళ్ళు సూరత్ మిల్లుల్లో ఉంటారు. భార్యలు అక్కడే మొదటి నెలలు గడిపి, తొలికాన్పుకు పుట్టింటికి వస్తారు. తొలి స్కాను కాగితం సూరత్‌లోనే ఉండిపోతుంది. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని భర్తను అడగడం మేం కనిపెట్టిన దారుల్లో అన్నిటికంటే బాగా పనిచేస్తోంది. ఆ కాగితం మీద పిండం పొడవు మిల్లీమీటర్లలో, స్కాను చేసిన తేదీ, ఈ రెండూ కనిపించాలి. "8 వారాలు" అని చేత్తో రాసిన చీటీ చాలదు.

స్కాను లేకపోతే తేదీని పండగలతో లాగాలి. "మీకు చివరిసారి బయట చేరింది ఎప్పుడు" అంటే తేదీ రాదు. "శివరాత్రికి ముందా, ఉగాది దాటాకా" అంటే వస్తుంది. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, రథయాత్ర, దసరా, కార్తీక పౌర్ణమి వేసిన ఒక పేజీ క్యాలెండరు ప్రశ్నావళికి కుట్టేశాం. ఇలా తేలిన గర్భకాలానికి విడిగా గుర్తు పెడుతున్నాం. చివరి విశ్లేషణ స్కాను ఉన్నవాళ్ళతో ఒకసారి, అందరితో ఒకసారి జరుగుతుంది.

పొగాకు ప్రశ్న ఇంకోటి. పొగతాగే తల్లుల బిడ్డలు చిన్నగా పుడతారు, ఐజీఎఫ్-1 తక్కువగా ఉంటుంది. "పొగ తాగుతారా" అన్న గడిలో ఇక్కడ అందరూ "లేదు" అనే అంటారు. గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాల్లో నిప్పు నోటి లోపలికి పెట్టి తాగే అడ్డచుట్ట ఉంది. వయసు మళ్ళిన ఆడవాళ్ళలోనే ఎక్కువ, కడుపుతో ఉన్నవాళ్ళలో తక్కువ, కానీ లేకపోలేదు.

"అక్కా, పొగ తాగుతావా?"

"లేదమ్మా."

"అడ్డచుట్ట?"

"అదేటి, అది అందరూ తాగేదే గదా. పొద్దున్నొకటి, రాత్రొకటి."

ప్రశ్న మారితే జవాబు మారింది. ఇప్పుడు ఫారంలో నాలుగు గడులు: బీడీ లేదా సిగరెట్టు, అడ్డచుట్ట, పళ్ళకు రాసే గుడాఖు, ఇంట్లో వేరేవాళ్ళు తాగే పొగ.

మలేరియా, తల్లి హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్ష ఫలితం, తల్లి ఎత్తు కూడా రాస్తున్నాం. మావికి మలేరియా పట్టిన తల్లుల బిడ్డలు చిన్నగా పుడతారు. గజపతి కొండ గ్రామాల్లో దాన్ని వదిలేస్తే ప్రొటీన్ల మీద పడే నీడ దేనిదో చెప్పలేం.

జూన్: తూకం, పొడవు, మడత

స్కేలు 5 గ్రాముల తేడా పట్టేది కావాలి. రోజూ పొద్దున 2 కిలోల ప్రామాణిక బరువు పెట్టి చూసి పుస్తకంలో రాయాలి. 10 గ్రాముల కంటే ఎక్కువ తేడా వస్తే ఆ రోజు రెండో స్కేలే. ఫ్యాను గాలి తగిలే చోట స్కేలు పెట్టకూడదు, అంకె నిలవదు. బిడ్డ ఒంటి మీద ఏమీ ఉండకూడదు. చుట్టిన పాత చీర ముక్క, టోపీ, చేతి తాడు అన్నీ తీసి, పళ్ళెం మీద పరిచిన గుడ్డతో సహా సున్నా చేసి, అప్పుడు బిడ్డను పెట్టాలి. మొదటి రోజుల్లో బిడ్డ బరువు 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది కాబట్టి పుట్టిన 12 గంటలు దాటితే ఆ తూకాన్ని తీసుకోవడం లేదు.

2,500 దగ్గర అంకెలు పోగుపడటం అన్ని చోట్లా తెలిసిన సమస్యే. 2,470 వచ్చిందంటే ఎక్కువ కాగితాలు, నవజాత శిశు విభాగానికి పంపాల్సిన పని. అందుకని చేత్తో రాసే అంకె 2.5గా గుండ్రమవుతుంది. దీనికి ఉపదేశం పనిచేయదు. స్కేలు తెరను బిడ్డ నంబరు చీటీతో కలిపి ఫోటో తీయడమే పనిచేస్తుంది. డేటా ఎక్కించే మనిషి ఫోటో చూసే అంకె వేస్తారు.

పొడవు ఇద్దరు మనుషుల పని. ఒకరు తలను పైపలకకు ఆనించి పట్టుకోవాలి, చూపు నేరుగా పైకి ఉండాలి. ఇంకొకరు మోకాళ్ళ మీద మెల్లగా ఒత్తి కాళ్ళు చాపి, అరికాళ్ళకు కదిలే పలకను తేవాలి. ఒక్క కాలు చాపి కొలిస్తే కటి పక్కకు వంగి పొడవు తప్పుతుంది. పక్కనున్న అమ్మమ్మ "అమ్మో, కాళ్ళు లాగకండి" అంటుంది. ముందే చెప్పి, ఆమెను బిడ్డ తల దగ్గర నిలబెడితే బిడ్డా ఊరుకుంటుంది, అమ్మమ్మా ఊరుకుంటుంది. రెండు సార్లు కొలవాలి, 0.7 సెంటీమీటర్ల కంటే తేడా ఉంటే మూడోసారి. ఎందుకింత పట్టింపు అంటే, పొడవు ఘనంలోకి వెళ్తుంది. పైన చెప్పిన 47 సెంటీమీటర్ల బిడ్డను 48 అని రాస్తే 2.36 కాస్తా 2.22కి పడిపోతుంది.

తల చుట్టుకొలతకు సాగని టేపు. మామూలు కాన్పులో తల నొక్కుకుపోతుంది కాబట్టి ఆసుపత్రి వదిలే ముందు ఇంకోసారి కొలిచి రెండూ రాస్తున్నాం.

చర్మపు మడత ఎడమ దండచేతి వెనక, ఎడమ భుజపు ఎముక కింద. కాలిపర్ వదిలాక ముల్లు కిందికి జారుతూనే ఉంటుంది, ఎందుకంటే పసిబిడ్డ చర్మం కింద నీరు ఎక్కువ. ఎప్పుడు చదవాలన్నది అందరికీ ఒకటే ఉండాలి. జారడం నెమ్మదించే దాకా ఆగి, గడియారం చూసి 15 సెకన్ల దగ్గర చదువుతున్నాం. రెండు సెకన్లకు చదివే మనిషీ, 15కు చదివే మనిషీ ఒకే పుస్తకంలో రాస్తే ఆ కాలమ్‌లో కొలిచినవాళ్ళ అలవాటు కనిపిస్తుందే తప్ప బిడ్డ కొవ్వు కనిపించదు.

జులై: మొదటి అరగంట

ఈ ప్రాజెక్టులో మంచీ చెడూ తేలేది ఇక్కడే. ఎలైజా యంత్రం ఎంత ఖరీదైనదైనా, కాన్పు గదిలో పోయినదాన్ని తిరిగి తేలేదు.

తాడు బిగించే సమయాన్ని మా కోసం మార్చకూడదు. కనీసం ఒక నిమిషం ఆగి బిగించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన, ఆ రక్తం బిడ్డది. దాంతో మావి వైపు మిగిలేది తగ్గుతుంది, 10 మి.లీ. ఆశించిన చోట 4 మి.లీ. రావడం మామూలే. బొడ్డుతాడు రక్తంలో సగం దాకా ఎర్రకణాలే కాబట్టి 5 మి.లీ. తీస్తే సీరం 2 మి.లీ. వస్తే గొప్ప. అందుకని ముందు నింపే గొట్టం ఏది, తర్వాతది ఏది అని వరుస రాసి గోడకు అంటించాం: మొదట ఎర్రమూత సాదా గొట్టం 3 మి.లీ., మిగిలితే ఊదామూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) గొట్టం 2 మి.లీ.

పద్ధతి ఇది. బిడ్డ వైపు, మావి వైపు రెండు బిగింపులు పడి, తాడు కోశాక, మావి ఇంకా లోపలే ఉండగానే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే లోపలే గడ్డకడుతుంది. తాడును పొడి గాజుగుడ్డతో తుడిచి, స్పిరిట్‌తో తుడిచి, స్పిరిట్ ఆరనివ్వాలి. తడి స్పిరిట్ లోపలికి వెళ్తే కణాలు చితుకుతాయి. తాడులో రెండు ధమనులు సన్నగా, తెల్లగా, గట్టిగా ఉంటాయి. సిర ఒక్కటే, లావుగా, గోడ పలచగా, ముదురు రంగులో. 20 లేదా 21 గేజి సూది, 10 మి.లీ. సిరంజి, 30 డిగ్రీల వాలు. పిడి మెల్లగా లాగాలి. గట్టిగా లాగితే సిరంజిలో ఏర్పడే శూన్యానికే ఎర్రకణాలు పగులుతాయి.

గొట్టంలోకి వదిలేటప్పుడు సూది తీసేసి, మూత తెరిచి, గొట్టం గోడ వెంట జారనివ్వాలి. సూదిని రబ్బరు మూతలోంచి గుచ్చి పిడిని నొక్కేయడం కాన్పు గదుల్లో చేతికి అలవాటైన పని. మా ఎరుపు (ఎర్రకణాలు చితికిన) నమూనాల్లో ఎక్కువ భాగం అక్కడే పుడుతున్నాయి. తాడును పిండుతూ కిందికి దించడం, కోసిన కొన కింద గొట్టం పట్టి కారనివ్వడం కూడా వద్దు. కొన నుంచి కారిన రక్తంలో తల్లి రక్తం, తాడులోని జిగురు పదార్థం కలుస్తాయి.

తల్లి రక్తం కలిసిందా అని ఎలా తెలుసు? ఐజీఏ అనే యాంటీబాడీ మావిని దాటదు. బొడ్డుతాడు రక్తంలో అది డెసిలీటరుకు కొద్ది మిల్లీగ్రాములే, తల్లిలో వందల్లో. కొన్ని నమూనాలకు ఐజీఏ చూసి, ఎక్కువ వస్తే ఆ నమూనా పక్కన పెడుతున్నాం. తల్లికీ బిడ్డకూ ఐజీఎఫ్-1, అడిపోనెక్టిన్ మోతాదులు వేరు కాబట్టి కొద్దిపాటి కలయికైనా అంకెను లాగేస్తుంది.

నొప్పుల్లో తల్లికి పెట్టిన సెలైన్ ఏదన్నది కూడా రాయాలి. గ్లూకోజ్ సీసా పెడితే చక్కెర మావి దాటుతుంది, బిడ్డ క్లోమం ఇన్సులిన్ వదులుతుంది, సీ-పెప్టైడ్ పెరుగుతుంది. అది ఎదుగుదల సమాచారం కాదు, ఆ గంట సమాచారం. సిజేరియనా, మామూలు కాన్పా, నెలలు నిండని కాన్పు భయంతో డెక్సామెథాసోన్ ఇచ్చారా, ఇవీ అంతే.

సాదా గొట్టాన్ని నిలువుగా, గది ఉష్ణోగ్రతలో 30 నిమిషాలు ఉంచాలి, గంట దాటకూడదు. తొందరపడి ముందే తిప్పితే సీరంలో ఫైబ్రిన్ దారాలు మిగిలి, తర్వాత పిపెట్ కొనకు అడ్డుపడతాయి. అంకె తక్కువ వస్తుంది, ఎందుకో తెలియదు. ఆ తర్వాత 1,500 జీ (భూమి ఆకర్షణకు అన్ని రెట్లు) బలంతో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్. చిన్న ఆసుపత్రుల యంత్రం మీద నిమిషానికి చుట్లు మాత్రమే ఉంటాయి. జీ విలువ కావాలంటే రోటరు వ్యాసార్ధం (సెంటీమీటర్లలో), చుట్ల వర్గం, 0.00001118, ఈ మూడింటినీ గుణించాలి. 15 సెంటీమీటర్ల రోటరుకు 3,000 చుట్లు సరిపోతాయి. 10 సెంటీమీటర్ల చిన్న యంత్రంలో అదే 3,000 పెడితే 1,006 జీ మాత్రమే. అక్కడ సుమారు 3,660 చుట్లు కావాలి. స్కేలుతో రోటరును కొలిచి, ఆ యంత్రానికి తగిన అంకెను దాని మూత మీదే రాసేశాం.

సీరం గడ్డిరంగులో ఉంటే మంచిది. దానిమ్మ రసం చుక్క కలిపినట్టు గులాబీ పడితే ఎర్రకణాలు చితికినట్టే. కంటితో "కొంచెం", "ఎక్కువ" అని రాసుకోవడం మనిషికో రకంగా ఉంటుంది. ముద్రించిన రంగుల పట్టీ పక్కన పెట్టి, సున్నా నుంచి నాలుగు దాకా అంకె వేస్తున్నాం. మూడు, నాలుగు వచ్చినవి పారేయం గానీ, ప్రధాన విశ్లేషణలోకి రానివ్వం. సీరంను 250 మైక్రోలీటర్ల చొప్పున చిన్న క్రయో గొట్టాల్లో పంచాలి, ఒక్కో ప్రొటీన్‌కు ఒక్కో గొట్టం. ఒకే పెద్ద గొట్టాన్ని మళ్ళీమళ్ళీ కరిగించి గడ్డకట్టించే పని తప్పుతుంది.

ఆగస్టు: దారి, ఫ్రీజర్

పర్లాకిమిడిలో మైనస్ 80 ఫ్రీజర్ లేదు, బరంపురంలో ఉంది. రక్తంగా పంపడం కంటే అక్కడే సీరం తీసి, మైనస్ 20లో పెట్టి, వారానికొకసారి పొడి మంచు మీద తేవడం మేలు. పొడి మంచు మైనస్ 78.5 డిగ్రీలు, ఆవిరై పోతూనే ఉంటుంది. పెట్టె మూతను టేపుతో బిగించకూడదు, గ్యాసు పోయే దారి లేకపోతే పెట్టె పగులుతుంది. జీపు అద్దాలు కొద్దిగా దించి ఉంచాలి, బొగ్గుపులుసు గాలి మూసిన బండిలో మనుషులకు ప్రమాదం.

సెప్టెంబర్: ఎలైజా, తొలి ప్లేట్లు

ప్లేటులో చిన్న గుంటల్లాంటి 96 వెల్స్‌లో ప్రామాణిక రేఖకు (తెలిసిన మోతాదులతో గీసేది) ఎనిమిది బిందువులు జంటగా, అంటే 16. తక్కువ, ఎక్కువ, మా సొంత మిశ్రమం అనే మూడు నాణ్యతా నమూనాలు జంటగా, 6. మిగిలిన 74లో 37 బిడ్డలు. చిన్న బిడ్డలందరినీ ఒక ప్లేటులో, మామూలు బిడ్డలను ఇంకో ప్లేటులో పెడితే ప్లేటు తేడాయే బిడ్డల తేడాగా కనిపిస్తుంది. రెండు రకాలనూ కలిపి, వరుస కంప్యూటరుతో చీటీలు తీసినట్టు తేల్చాలి. ఒక బిడ్డ జంట వెల్స్ మధ్య తేడా పది శాతం దాటితే ఆ నమూనా మళ్ళీ.

అడిపోనెక్టిన్ దగ్గర మొదటి ప్లేటు పైగీతకు కొట్టుకుంది, ఊహించినదే. కిట్టు కాగితం పెద్దవాళ్ళ కోసం రాసింది: వందకు ఒకటి పలుచన. పెద్దవాళ్ళలో మి.లీ.కు 8 మైక్రోగ్రాములుంటే వందో వంతు 80 నానోగ్రాములు, 250 దాకా చదివే కిట్టులో హాయిగా ఇముడుతుంది. బిడ్డలో 30 మైక్రోగ్రాములుంటే అదే పలుచనలో 300, గీత దాటేసింది. ఐదు వందలకు ఒకటి చేస్తే 60. ఒకే దెబ్బలో అంత పలుచన చేస్తే ఒక మైక్రోలీటరు తీయాల్సి వస్తుంది, ఆ చేతికి కచ్చితత్వం ఉండదు. 10 మైక్రోలీటర్ల సీరం, 490 ద్రావణం. దాన్నుంచి 20, మళ్ళీ 180 ద్రావణం. ప్రతిసారీ కొన మార్చి, తడిసిన కొన బయటివైపు తుడవాలి.

ఐజీఎఫ్-1కు వేరే పని ఉంది. రక్తంలో అది దాదాపు అంతా బైండింగ్ ప్రొటీన్లతో కట్టుబడి ఉంటుంది. విడదీయకుండా కొలిస్తే యాంటీబాడీకి చిక్కేది కొంతే. చిన్న బిడ్డల్లో ఐజీఎఫ్‌బీపీ-1 ఎక్కువ కాబట్టి వాళ్ళలోనే ఎక్కువ దాగిపోతుంది, సంబంధం ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుంది. అందుకే ఆమ్లం, ఆల్కహాలు: 87.5 శాతం ఇథనాల్, 12.5 శాతం 2 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. 100 మైక్రోలీటర్ల సీరానికి 400 ఈ మిశ్రమం, 30 నిమిషాలు, సెంట్రిఫ్యూజ్. పైతేట 250 తీసి, 100 ట్రిస్ క్షారంతో ఆమ్లాన్ని తటస్థం చేయాలి. మొత్తం పలుచన ఐదు ఇంటూ 1.4, ఏడు రెట్లు. లెక్కల పట్టికలో ఆ ఏడు వేయకపోతే ప్రతి బిడ్డ అంకె ఏడో వంతే అవుతుంది, అందరికీ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి గ్రాఫులో ఎవరికీ అనుమానం రాదు. తెలిసినంత ఐజీఎఫ్-1ను ఒక నమూనాలో కలిపి, 80 నుంచి 120 శాతం దాకా తిరిగి దొరుకుతోందా అని ప్రతి బ్యాచిలో చూస్తున్నాం. వేరే ల్యాబుల అంకెలతో పోల్చాలంటే కిట్టు ప్రమాణం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐజీఎఫ్-1 ప్రమాణ నమూనా 02/254కు కట్టి ఉందో లేదో చూసి కొనాలి.

తీరప్రాంతపు వానాకాలంలో అంచు వెల్స్ మధ్యవాటికంటే ముందు వేడెక్కుతాయి, రంగు ముందే ఎక్కుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లేటును సంచి విప్పకుండానే గది వేడికి రానివ్వాలి. తడి గాలిలో వెంటనే విప్పితే వెల్స్‌లో చెమ్మ పడుతుంది. ప్రతి అంచె దగ్గరా మూతపట్టీ వేసి, ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా ఉంచితే అంచు తేడా బాగా తగ్గింది.

అక్టోబర్: తుపాను నెల

ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర దాటి గజపతిని వరదల్లో ముంచింది. ఈ నెలలో కరెంటు రోజుల తరబడి పోతుందన్నది ఇక్కడ లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం. ప్రతి బిడ్డ గొట్టాలనూ రెండు భాగాలు చేసి రెండు వేర్వేరు భవనాల ఫ్రీజర్లలో పెట్టాం. ఖాళీ అరల్లో నీళ్ళ సీసాలు గడ్డకట్టించి నింపాం, నిండిన ఫ్రీజర్ చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. మైనస్ 60 దాటగానే ఫోనుకు సందేశం పంపే ఉష్ణమాపకం తన బ్యాటరీ మీదే నడవాలి. జనరేటర్ డీజిలు తుపాను హెచ్చరిక వచ్చిన రోజున కాదు, నెల మొదట్లోనే కొనాలి.

నవంబర్: లెక్కలు ఎలా కడుతున్నాం

బరువు, పొడవు, తల చుట్టుకొలత మూడింటినీ ఇంటర్‌గ్రోత్-21 ప్రమాణాల మీద జెడ్ స్కోరుగా (అదే గర్భకాలపు సగటుకు ఎంత దూరమో చెప్పే అంకెగా) మారుస్తున్నాం. 2014లో వెలువడిన ఆ ప్రమాణాలకు ఎనిమిది దేశాల నుంచి తల్లులను తీసుకున్నారు, మన దేశం నుంచి నాగపూర్. 33 వారాల నుంచి 42 వారాల 6 రోజుల దాకా, ఆడ మగ విడివిడిగా ఉన్నాయి. పదో పర్సెంటైల్ కింద ఉంటే గర్భకాలానికి చిన్న బిడ్డ. ఒకే 2,450 గ్రాముల బిడ్డ 36 వారాలకు మామూలు, 40 వారాలకు చిన్నది అన్నది జెడ్ స్కోరులో ఇట్టే తేలుతుంది.

ప్రొటీన్ల అంకెలు ఒక పక్కకు సాగి ఉంటాయి, లెప్టిన్ మరీను. లాగరిథం తీసుకున్నాకే రిగ్రెషన్. సర్దుబాటుకు తల్లి ఎత్తు, ఎన్నో కాన్పు, పొగాకు, మలేరియా, తల్లి చక్కెర. కానీ ఐజీఎఫ్-1కూ బరువుకూ సంబంధం చూస్తూ ఐజీఎఫ్‌బీపీ-1ను కూడా అదే సమీకరణంలో పెడితే, దారి మధ్యలో ఉన్నదాన్ని తీసేసి దారి లేదన్నట్టవుతుంది. అది విడి ప్రశ్నగా విడి పట్టికలో వేస్తున్నాం. లెప్టిన్‌ను బరువుతో ఒకసారి, మడతల మొత్తంతో ఒకసారి, పొడవుతో ఒకసారి చూస్తాం. కొవ్వు సూచిక అయితే మడతల దగ్గర బలంగా, పొడవు దగ్గర పలచగా రావాలి. అలా రాకపోతే ముందు మడతలు చదివిన సెకన్లను, తర్వాత రంగుల పట్టీ అంకెలను, ఆ తర్వాతే జీవశాస్త్రాన్ని అనుమానించాలి.

డిసెంబర్‌లో చేయాల్సినవి: ఐజీఎఫ్‌బీపీ-1 ప్లేట్లు, కాన్పు రకాన్ని బట్టి విడదీసిన వరుసతో. మడతలు కొలిచే ఇద్దరినీ ఒకే బిడ్డల మీద కూర్చోబెట్టి తేడా చూడటం. సూరత్ నుంచి రావాల్సిన స్కాను ఫోటోల జాబితా ఆశా కార్యకర్తలకు ఇవ్వడం.